పాపిడి తీసిన కొండలు!

చిన వెంకన్న దర్శనమయ్యాక ఇంకో రోజు చేతిలో ఉందా? అయితే ద్వారకా తిరుమల నుంచి అటే గోదావరి వైపు బయల్దేరండి, పాపికొండలు చూసొద్దురుగాని.

అఖండ గోదావరి ఇక్కడ కొండల మధ్య ఒదిగి సన్నటి పాయలా మారిపోతుంది. తల మీద పాపిడిలా ఉంటుంది కాబట్టే పాపిడికొండలనేవారనీ, అదే పాపికొండలైందనీ చెబుతారు. రెండువైపులా వెదురుపొదలు, మలుపు మలుపుకీ దారి మూసుకుపోయినట్టే ఉంటుంది... అంతలోనే తెరుచుకుంటుంది. 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. పెద్దపులులూ అడవిదున్నలూ ఉన్నా బోటు మీద వెళ్లేవాళ్లకు కనిపించడం అరుదు.

1879లో రంప పితూరీ, 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటం రాజుకున్నది ఈ మన్యంలోనే. ఆ గడ్డకిప్పుడు మరో పరీక్ష... పోలవరం. కాఫర్‌డ్యాం కట్టాక వరదొస్తే చాలు, గండిపోశమ్మ గుడి మునుగుతోంది. దేవీపట్నం ప్రాంతంలో కొండరెడ్లూ కోయలూ ఊళ్లకు ఊళ్లే ఖాళీచేశారు. డ్యాం పూర్తయి 150 అడుగుల మట్టానికి నీళ్లు నిలిపితే ఈ కొండల పాదాలు ఇంకా లోపలికి పోతాయి. పేరంటాలపల్లి శివాలయం, అక్కడ గిరిజనులు అమ్మే వెదురు పూలు... పిల్లలకు చూపించాలనుకుంటే ఆలస్యం చేయకండి.

వెళ్లడానికి శీతాకాలం మేలు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద సమయంలోనే. ఎండగా ఉన్నా, ఉక్కపోసినా లైఫ్‌జాకెట్ మాత్రం విప్పొద్దు.