కంప్యూటరు తెరపై ప్రకటనలు

వార్తాపత్రికలో ప్రకటనను చూచిన పాఠకుడు ఇష్టమున్నచో చదువును, లేకున్న పుట త్రిప్పును. చదివినదెవరో, ఎంతసేపు చదివిరో ఆ కాగితమునకు తెలియదు. కంప్యూటరు తెరపై కనిపించు ప్రకటన ఇట్టిది కాదు. అందులోను, కంప్యూటరును నడపు వ్యవస్థలోనే అది చేరినప్పుడు సమస్య మరింత లోతైనదగును.

యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని నడిపించు వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. కీబోర్డుపై నొక్కిన ప్రతి అక్షరము మొదట దానికే చేరును. ఫైళ్లను దాచునది, వెదకి తెచ్చునది, ఇంటర్నెట్టుతో సంబంధము కల్పించునది కూడ అదియే. ఇంటి తాళపుచెవులన్నియు ఒకరి చేతికిచ్చినట్లు వాడుకరి తన పనియంతయు దానికి అప్పగించును. ఆ చేతిలోనికి వర్తకుని ప్రకటన వచ్చినచో ఏమగును? ఉబుంటు చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ కలదు.

ఉబుంటు ఉచితముగా లభించు ఆపరేటింగ్ సిస్టమ్. దీనిని క్యానోనికల్ అను బ్రిటిష్ సంస్థ విడుదల చేయుచున్నది. ఆ కాలపు ఉబుంటులో 'డ్యాష్' అను వెదకుపెట్టె యుండెడిది. అందులో కొన్ని అక్షరములు కొట్టినచో, కంప్యూటరులోని ఫైళ్లు, ప్రోగ్రాములు కనిపించెడివి. 2012 అక్టోబరులో వెలువడిన 12.10 కూర్పులో ఒక మార్పు వచ్చెను. పెట్టెలో కొట్టిన అక్షరములు ఇంటర్నెట్టు ద్వారా క్యానోనికల్ సర్వరుకు పోయి, అటనుండి అమెజాన్ దుకాణమును చేరెడివి. సొంత ఫైళ్ల సరసనే అమ్మకపు వస్తువులును కనిపించెడివి. వాటిని కొన్నచో క్యానోనికల్‌కు కొంత కమీషను ముట్టెడిది.

ఒక విద్యార్థి తన వైద్యపరీక్షల ఫైలును వెదకుటకై వ్యాధి పేరు కొట్టెననుకొందము. ఫైలు ఇంటిలోనే యున్నది. వెదకిన మాట మాత్రము ఇల్లు దాటిపోయినది! వెదకినదెవరో అమెజాన్‌కు తెలియనీయమని క్యానోనికల్ స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ సమాధానమిచ్చెను. అయితే వస్తువుల బొమ్మలు మొదట అమెజాన్ సర్వరుల నుండియే, గుప్తలిపి రక్షణ లేకుండ వచ్చెడివి. అదే వైఫై వాడు మరియొకడు ఆ బొమ్మలను పసిగట్టి, ఏమి వెదకిరో ఊహింపగలడు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2012 అక్టోబరులో ఈ లోపమును ఎత్తిచూపెను. అదే సంవత్సరము డిసెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ దీనిని గూఢచర్యమని ఖండించెను.

వాడుకరులు పలువిధముల స్పందించిరి. కొందరు అమరికలలో ఆ సౌకర్యమును ఆపివేసిరి. కొందరు ఒక్క ఆదేశముతో ఆ భాగమునే తొలగించిరి. ఉబుంటు మూలకోడ్ అందరికిని లభ్యమగుటచే, బయటకు పోవునదేమో పరిశీలించుటకు వీలయ్యెను. తుదకు 2016 ఏప్రిల్‌లో వెలువడిన 16.04 కూర్పులో ఈ ఇంటర్నెట్టు వెదకులాట మొదటినుండియే ఆపబడి యుండెను. కావలసినవారు మాత్రమే దానిని తెరచుకొనవలెను.

మూలకోడ్ బహిరంగము కాని వ్యవస్థలలోను ప్రకటనలు వచ్చినవి. 2015లో వెలువడిన విండోస్ 10, స్టార్ట్ మెనూలో కొన్ని యాప్‌లను సూచించెడిది. ప్రకటనల కొరకై వాడుకరికి ఒక గుర్తింపు సంకేతము నిచ్చి, దానిని యాప్‌లు వాడుకొను ఏర్పాటును అందు కలదు. 2024 ఏప్రిల్‌లో విండోస్ 11 స్టార్ట్ మెనూలోని సిఫార్సుల భాగములో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లు కనిపించసాగెను. వీటిని అమరికలలో ఆపుకొనవచ్చును. కాని మూలకోడ్ చేత లేనందున, ఆపిన పిదప లోపల జరుగునదేమో తెలిసికొనుట సామాన్యునికి కష్టము.

ఈ ఉదాహరణలన్నిటిలోను ముఖ్యమైనది మొదటి అమరిక. ఆపుకొను మీట రెండు పద్ధతులలోను ఉండవచ్చును. అయినను అమరికలను ఎన్నడును తెరచి చూడనివాని కంప్యూటరులో తయారుదారు పెట్టిన ఏర్పాటే సాగును. అది తెరచియున్నచో, అతడు అడుగకయే అంగీకరించినట్లగును. మూసియున్నచో, అతని నిర్ణయము అతనికే మిగులును. కావున ఉపాధ్యాయులు పాఠశాల కంప్యూటరులో గోప్యతకు సంబంధించిన అమరికల పుటను ఒకసారి విద్యార్థులచే తెరిపించి, ఏది తెరచియున్నదో, ఎందులకో చర్చింపజేయుట మంచిది. తాళపుచెవి ఎవరి చేతిలో నున్నదో తెలిసినవాడే ఇంటిని కాపాడుకొనగలడు.