వార్తల్లో పదం: సీఏఎఫ్ఎస్

సికింద్రాబాద్ నల్లగుట్టలో 2023 జనవరి 19న డెక్కన్ మాల్ అంటుకుంది. ఫైరింజన్లు ఎన్ని వచ్చినా మంటలు గంటల తరబడి ఆరలేదు. అలాంటప్పుడే ట్యాంకు సైజు గుర్తొస్తుంది. 4,500 లీటర్ల బండి నుంచి నిమిషానికి 450 లీటర్లు చిమ్మితే పది నిమిషాల్లో ఖాళీ. చిమ్మినదాంట్లోనూ చాలా భాగం గోడ మీది నుంచి జారి మురుగుకాల్వలో కలుస్తుంది. పోనీ పెద్ద ట్యాంకు పెడదామంటే, ఆ బండి సికింద్రాబాద్‌లోని మోండా మార్కెట్ సందుల్లో తిరగదు.

ఇక్కడే కంప్రెస్డ్ ఎయిర్ ఫోమ్ సిస్టమ్ (సీఏఎఫ్ఎస్) అక్కరకొస్తుంది. నీళ్లలో సాధారణంగా ఒక శాతం లోపే ఫోమ్ ద్రవం కలిపి, కంప్రెసర్ గాలిని బండి దగ్గరే అందులోకి ఎక్కిస్తారు. షేవింగ్ క్రీమ్ లాంటి చిక్కటి నురగ వస్తుంది. నిలువు గోడనైనా అంటిపెట్టుకుని ఉంటుంది, వేడిని లాగేస్తుంది, గాలి తగలనివ్వదు. సగానికి పైగా గాలే కాబట్టి గొట్టం తేలిక. దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కే సిబ్బందికి అదెంత ఊరటో! మన ఇరుకు బజార్లకు పెద్ద ట్యాంకు కన్నా ముందు ఇదే కావాలి.

నిండిపోయిన పొగకు మాత్రం ఇది మందు కాదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు ఊపిరాడకే ప్రాణాలు వదిలారు.