అల్గారిథం ఒక మనిషి పేరు

సెకండియర్‌లో అల్గారిథమ్స్ సబ్జెక్ట్ మొదలైన రోజు సార్ బోర్డు మీద డెఫినిషన్ రాశారు. ఒక సమస్యని పరిష్కరించడానికి వేసే, అనుమానానికి తావులేని, ఎక్కడో ఒకచోట ముగిసే స్టెప్స్. అందరం నోట్స్‌లో ఎక్కించేశాం. వెనక బెంచీ నుంచి ఒకడు "అసలు ఆ పదానికి అర్థం ఏంటి సార్?" అన్నాడు. సార్ నోరు తెరిచేలోపే నేను "గ్రీకు పదంరా, లాగరిథం లాంటిదే" అనేశాను. ఎవరూ కాదనలేదు. సార్ కూడా నవ్వి ముందుకెళ్ళిపోయారు.

ఆ వారమే లైబ్రరీలో డొనాల్డ్ క్నూత్ రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి భాగం తిరగేశాను. మా బ్రాంచ్ వాళ్ళకి అది దాదాపు పవిత్ర గ్రంథం. మొదటి చాప్టర్ మొదట్లోనే ఆ పదం కథ ఉంది. నేను చెప్పింది తప్పు. లాగరిథం గ్రీకే. అల్గారిథం మాత్రం గ్రీకు కాదు, అసలు మామూలు పదమే కాదు. అది ఒక మనిషి పేరు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న ఒక ముస్లిం గణిత శాస్త్రవేత్త పేరు.

తప్పు చెప్పినందుకు పెద్దగా సిగ్గుపడలేదు. కానీ అంత గట్టి నమ్మకంతో 'గ్రీకు' అని ఎందుకు అన్నానా అని ఆలోచిస్తే, దానికి కారణం నాకు తెలియకుండానే నా బుర్రలో ఉన్న ఒక మ్యాప్ అనిపించింది. సైన్స్ గ్రీకుల దగ్గర పుట్టింది, తర్వాత వెయ్యేళ్ళు చీకటి, ఆ తర్వాత ఇటలీలో లైట్లు వెలిగాయి. ఈ మ్యాప్ ఎవరు గీశారు, అందులో ఎవరి పేర్లు కనపడకుండా పోయాయి అన్నదే ఈ వ్యాసం.

ఖ్వారిజం ఊరాయన

ఆయన పూర్తి పేరు ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మి. మన ఇంటిపేర్లలో ఊళ్ళు ఉన్నట్టే ఆయన పేరు చివర కూడా ఒక ప్రాంతం ఉంది. ఖ్వారిజం అంటే ఇవాళ్టి ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల మధ్య పంచుకుపోయిన ప్రాంతం. అంటే ఆయన రాసింది అరబిక్‌లోనే గానీ పేరుని బట్టి చూస్తే మూలాలు అరేబియాలో లేవు. 813 నుంచి 833 వరకు పాలించిన ఖలీఫా అల్-మామూన్ కాలంలో బాగ్దాద్‌లో పనిచేశాడు. గ్రీకు, సంస్కృత, పర్షియన్ పుస్తకాలు అరబిక్‌లోకి వస్తున్న రోజులవి. ఆ పని చేసినవాళ్ళందరూ ముస్లింలు కూడా కాదు. గ్రీకు వైద్య గ్రంథాలని అనువదించిన హునైన్ ఇబ్న్ ఇషాక్ క్రైస్తవుడు.

అల్-ఖ్వారిజ్మి 820 ప్రాంతంలో రాసిన పుస్తకం పేరులో 'అల్-జబ్ర్' అనే మాట ఉంది. ఆల్జీబ్రా అక్కడి నుంచే వచ్చింది. జబ్ర్ అంటే విరిగినదాన్ని తిరిగి అతికించడం. ఎముకలు సరిచేసి కట్టడానికి కూడా అదే మాట. ఒక రకంగా లెక్కలకి పుత్తూరు కట్టు అన్నమాట! సమీకరణంలో ఒకవైపు ఏదైనా తీసివేత ఉంటే దాన్ని రెండువైపులా కలిపి ఆ లోటు పూడ్చడం అల్-జబ్ర్. రెండువైపులా ఒకే రకం పదాలుంటే వాటిని కొట్టేసి సరిచూడటం 'అల్-ముఖాబలా'. ఆరో తరగతి నుంచి మనం చేస్తున్నది ఇదే.

ఆ పుస్తకంలో ఒక్క సింబల్ కూడా లేదు. అన్నీ మాటల్లోనే. ఒక ప్రసిద్ధమైన లెక్క ఇలా ఉంటుంది: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యకి పది రెట్లు కలిపితే 39 వస్తుంది, ఆ సంఖ్య ఎంత? ఆయన చెప్పిన పద్ధతి చూడండి. పదిలో సగం తీసుకో, 5. దాని వర్గం చెయ్, 25. దాన్ని 39కి కలుపు, 64. దానికి వర్గమూలం తియ్యి, 8. అందులోంచి ఇందాకటి 5 తీసెయ్యి. జవాబు 3.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్‌పుట్ ఉంది, వరుసగా స్టెప్స్ ఉన్నాయి, అవుట్‌పుట్ ఉంది. అంకెలు మార్చినా అదే పద్ధతి పనిచేస్తుంది. అంతటితో వదిలేయకుండా అది ఎందుకు పనిచేస్తుందో బొమ్మ గీసి నిరూపించాడు. తెలియని సంఖ్య భుజంగా ఒక చతురస్రం గీసి, దాని రెండు పక్కల 5 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రాలు అతికించాలి. మొత్తం వైశాల్యం 39. ఇప్పుడు ఒక మూల మాత్రం ఖాళీగా ఉంటుంది. అది 5 బై 5, అంటే 25. ఆ మూల నింపితే 64 వైశాల్యం ఉన్న పెద్ద చతురస్రం వస్తుంది. దాని భుజం 8. ఇంటర్‌లో 'కంప్లీటింగ్ ది స్క్వేర్' అని బట్టీ పట్టాను. అందులో నిజంగా ఒక స్క్వేర్ ఉందని, దాన్ని నిజంగానే కంప్లీట్ చేస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇదంతా ఎందుకంటే, ఆస్తి పంపకాలు, వ్యాపారం, భూమి కొలతలు లాంటి వాటిలో జనానికి ఉపయోగపడాలని. ఆ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వ లెక్కలే.

పేరు గ్రీకు వేషం వేసుకుంది

ఆయన ఇంకో పుస్తకం అంకెల మీద. దాని అరబిక్ మూలం ఇప్పుడు లేదు, లాటిన్ రూపం మాత్రమే మిగిలింది. తొమ్మిది గుర్తులు, ఒక సున్నాతో ఎంత పెద్ద సంఖ్యనైనా ఎలా రాయాలో, ఎలా కూడాలో, ఎలా గుణించాలో అందులో ఉంది. ఇది భారతీయుల పద్ధతి అని ఆయన అందులోనే స్పష్టంగా చెప్పాడు. ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్ళ పేరు పెట్టాడు.

12వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఈ పుస్తకాలు లాటిన్‌లోకి వెళ్ళాయి. ఆల్జీబ్రా పుస్తకాన్ని 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ అనువదించాడు. అల్-ఖ్వారిజ్మి లాటిన్ నోట్లో 'అల్గోరిజ్మి' అయ్యాడు. కొత్త అంకెలతో లెక్కలు చేసే పద్ధతికి 'అల్గోరిజం' అని పేరు పడింది. కొన్ని తరాలు గడిచేసరికి అది ఒక మనిషి పేరన్న సంగతే మర్చిపోయారు. ఆల్గర్ అని ఎవరో రాజు ఉండేవాడని కూడా కథలు అల్లారు. తర్వాత గ్రీకులో సంఖ్య అనే అర్థం ఉన్న 'అరిథ్మోస్' ప్రభావంతో చివర 'రిజం' కాస్తా 'రిథం' అయింది. అంటే నేను క్లాసులో చేసిన తప్పునే యూరప్ కొన్ని వందల ఏళ్ళ క్రితం చేసింది. తేడా ఏంటంటే, వాళ్ళ తప్పు స్పెల్లింగ్‌లో స్థిరపడిపోయింది.

ఇందులో కుట్ర ఏమీ లేదు. పేర్లని లాటిన్ చేయడం వాళ్ళ అలవాటు. ఇబ్న్ సీనా అవిసెన్నా అయ్యాడు, ఇబ్న్ రుష్ద్ అవెర్రోస్ అయ్యాడు. వాళ్ళ సొంత కోపర్నికస్ పేరు కూడా లాటిన్ రూపమే. ఆ కాలంలో యూరప్ వీళ్ళని గురువులుగానే చూసింది. ఇబ్న్ సీనా వైద్య గ్రంథం అక్కడి యూనివర్సిటీల్లో 17వ శతాబ్దం దాకా పాఠ్యపుస్తకం. దాంతే తన కావ్యంలో అవిసెన్నాని, అవెర్రోస్‌ని అరిస్టాటిల్ పక్కన కూర్చోబెట్టాడు.

కొరియర్ బాయ్ సిద్ధాంతం

చూపు మారింది తర్వాత. రినైసెన్స్ కాలానికి గ్రీకు పుస్తకాలు నేరుగా దొరికాయి, ఇక మధ్యలో అరబ్బులెందుకు అన్న ధోరణి వచ్చింది. వలస పాలన రోజుల్లో అది ఇంకా గట్టిపడింది. 1883లో ఫ్రెంచ్ పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ సోర్బాన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఇస్లాంకీ సైన్స్‌కీ పడదని, అరబ్ సైన్స్ అనేదంతా నిజానికి గ్రీకులదేనని వాదించాడు. దానికి జమాలుద్దీన్ అఫ్ఘానీ అదే ఏడాది ఒక ఫ్రెంచ్ పత్రికలో జవాబిచ్చాడు. సైన్స్‌ని అడ్డుకున్నది ఒక్క ఇస్లామే కాదు, క్రైస్తవం కూడా ఆ దశ దాటే వచ్చింది అన్నది ఆయన వాదన. ఈ అఫ్ఘానీ అంతకు కొన్నేళ్ళ ముందే ఈజిప్టు నుంచి బహిష్కరణకి గురై మన హైదరాబాద్‌లో ఉన్నాడు.

రెనాన్ మాట ఇప్పుడు ఎవరూ అంత కటువుగా అనరు. దాని మర్యాదైన రూపం మాత్రం మన పుస్తకాల్లో ఇంకా ఉంది: "అరబ్బులు గ్రీకు విజ్ఞానాన్ని భద్రపరిచి యూరప్‌కి అందించారు." వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ దీని ప్రకారం వాళ్ళు చేసింది పార్శిల్ చిరగకుండా డెలివరీ ఇవ్వడమే. దీనికి ఒప్పుకోవాలంటే ఈ నలుగురినీ పక్కన పెట్టాలి.

మొదటివాడు బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్-హైథమ్. కంటి నుంచి కిరణాలు బయటికెళ్ళి వస్తువుని తాకితే చూపు కలుగుతుందని యూక్లిడ్, టాలెమీ నమ్మారు. ఈయన 11వ శతాబ్దం మొదట్లో, కాదు, వెలుతురే వస్తువు నుంచి కంటిలోకి వస్తుందని చూపించాడు. ఒక సన్న రంధ్రం ముందు కొన్ని దీపాలు పెట్టి, అవతలి గోడ మీద పడ్డ మచ్చల్ని గమనించాడు. ఒక దీపానికి అడ్డం పెడితే దానికి ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే పోయింది. అంటే కాంతి తిన్నగా వెళ్తుంది, ఒకదానితో ఒకటి కలిసిపోదు. ఆయన పుస్తకం 1572లో బాసెల్‌లో లాటిన్‌లో అచ్చయింది.

రెండోవాడు వైద్యుడు ఇబ్న్ అల్-నఫీస్. గుండె మధ్య గోడలో కనపడని రంధ్రాలున్నాయని, వాటిలోంచి రక్తం ఇటు నుంచి అటు వెళ్తుందని గాలెన్ చెప్పాడు. వెయ్యేళ్ళు అందరూ నమ్మారు. 1242లో ఈయన, ఆ గోడ గట్టిది, రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వెళ్ళాలి అన్నాడు. విలియం హార్వే పుస్తకం వచ్చింది 1628లో. ఈయన చెప్పిన సంగతి లోకానికి మళ్ళీ తెలిసింది 1924లో, జర్మనీలో చదువుకుంటున్న ఒక ఈజిప్టు డాక్టర్ బెర్లిన్ లైబ్రరీలో ఆ రాతప్రతిని చూసినప్పుడు.

మూడోవాడు ఇబ్న్ అల్-షాతిర్, 14వ శతాబ్దంలో డమాస్కస్ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి. చంద్రుడి కదలికకి ఆయన వేసిన లెక్క, కోపర్నికస్ 1543 పుస్తకంలోని లెక్క గణితపరంగా ఒకటేనని 1957లో బయటపడింది. కోపర్నికస్‌కి అది ఎలా చేరింది, అసలు చేరిందా అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు.

నాలుగోవాడు సమర్‌ఖండ్‌లోని అల్-కాషి. 1424లో పై విలువని 16 దశాంశ స్థానాల దాకా చేత్తో లెక్కగట్టాడు. ఆ రికార్డుని యూరప్ దాటింది 16వ శతాబ్దం చివర్లో.

చివరి ఇద్దరి తేదీలు ఇంకో సంగతి కూడా చెప్తాయి. 1111లో చనిపోయిన అల్-ఘజాలీ తత్వశాస్త్రాన్ని విమర్శించడంతోనే ముస్లిం ప్రపంచంలో సైన్స్ ఆగిపోయిందని ఒక కథ ఇంటర్నెట్ అంతా తిరుగుతుంటుంది. ఆయన పోయిన 300 ఏళ్ళ తర్వాత కూడా అల్-కాషి పై విలువ లెక్కపెడుతూనే ఉన్నాడు.

రెండువైపులా నిజం

మరి వెస్ట్ అంతా ఒకటేనా? కాదు. అల్-ఖ్వారిజ్మి ఆల్జీబ్రాని 1831లో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చువేసింది ఫ్రెడరిక్ రోజెన్ అనే జర్మన్ పండితుడు. జార్జ్ సార్టన్ తన సైన్స్ చరిత్రలో 9వ శతాబ్దం మొదటి సగానికి అల్-ఖ్వారిజ్మి పేరే పెట్టాడు. 1979లో క్నూత్, సోవియట్ శాస్త్రవేత్త ఎర్షోవ్ కలిసి అల్గారిథమ్స్ మీద ఒక సదస్సు పెట్టారు. ఎక్కడో తెలుసా? ఖ్వారిజం ప్రాంతంలోని ఉర్గెంచ్‌లో. ఆ పేరు పుట్టిన చోటికే ఆ పేరుని తీసుకెళ్ళారు.

పండితుల సంగతి అలా ఉంటే, మామూలు జనం సంగతి వేరు. 2019లో అమెరికాలో సివిక్‌సైన్స్ అనే సంస్థ ఒక సర్వే చేసింది. స్కూళ్ళలో అరబిక్ న్యూమరల్స్ నేర్పాలా అని అడిగితే 56 శాతం మంది వద్దన్నారు. అవి 0 నుంచి 9 వరకు వాళ్ళు రోజూ వాడే అంకెలేనని తెలియక! మనం నవ్వుకోవచ్చు, కానీ 'గ్రీకు పదంరా' అన్నవాడిగా నేను మరీ గట్టిగా నవ్వలేను.

అలాగని "సైన్స్ మొత్తం మేమే కనిపెట్టాం, వెస్ట్ దొంగిలించింది" అనే ఫార్వర్డ్స్ కూడా నాకు నచ్చవు. అవి ముస్లింల పేరుతోనూ వస్తాయి, మన ఫ్యామిలీ గ్రూపుల్లో వేదాల పేరుతోనూ వస్తాయి. అల్-ఖ్వారిజ్మి అలా చేయలేదు. సున్నాతో లెక్కల నియమాలు 628లోనే రాసిన బ్రహ్మగుప్తుడి దేశానికి ఇవ్వాల్సిన క్రెడిట్ ఇచ్చి, దాని మీద తన పని తాను చేశాడు. మనకి కావాల్సింది కూడా అంతే. ఇచ్చినవాళ్ళ పేరు చెప్పాలి, కలిపినవాళ్ళ పేరు కూడా చెప్పాలి.

చివరగా మన ఊరి సంగతి. ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉంది. 1888లో పెట్టారు, పని పాత అరబిక్ రాతప్రతుల్ని సరిచూసి అచ్చువేయడం. ఇబ్న్ అల్-హైథమ్ కాంతి గ్రంథం మీద కమాలుద్దీన్ ఫారిసీ రాసిన వ్యాఖ్యానం మొదట అచ్చయింది ఇక్కడే, 1928-30 మధ్య. అల్-బిరూనీ ఖగోళ గ్రంథం మూడు సంపుటాలు 1954-56లో వచ్చాయి. హార్వర్డ్‌లోనైనా పారిస్‌లోనైనా ఆ గ్రంథాల మీద పనిచేసేవాళ్ళకి, పుస్తకం అచ్చయిన చోటు దగ్గర 'హైదరాబాద్' అని కనిపిస్తుంది. ఆ యూనివర్సిటీ గేటు ముందు నుంచి నేను వందసార్లు బస్సులో వెళ్ళుంటాను. లోపల ఏముందో నాకు తెలియదు. సెమిస్టర్ ఎగ్జామ్స్ అయ్యాక వెళ్తున్నాను, ఎవరైనా వస్తారా?

అన్నట్టు, తర్వాతి క్లాసులో లేచి నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. సార్ డస్టర్ పక్కన పెట్టి, బోర్డు మీద డెఫినిషన్ పైన తెలుగులో అల్-ఖ్వారిజ్మి అని రాయమన్నారు. ఆ గంట అయ్యేదాకా ఎవరూ చెరపలేదు.