64 సెకన్ల తెర, 10 బైట్ల మార్పు

టెర్మినల్‌లో పెద్ద ఫైలు డౌన్‌లోడ్ అవుతుంటే శాతం అంకె ఉన్నచోటే మారుతూ పోతుంది, కింద కొత్త వరుసలు రావు. ప్రోగ్రాం ప్రతిసారీ 13వ నంబరు క్యారెక్టర్ పంపుతుంది. దాంతో కర్సర్ వరుస మొదటికొస్తుంది, పాత అంకె మీదే కొత్తది పడుతుంది.

వరుస దాటి ఎక్కడికైనా వెళ్లాలంటే 27 కావాలి. అదే ఎస్కేప్. దాని వెంటనే ఎడమ చదరపు బ్రాకెట్ వస్తే, తర్వాత వచ్చేది చూపించాల్సిన అక్షరం కాదు, ఆదేశం. 12, సెమీకోలన్, 40, పెద్ద హెచ్ పంపితే కర్సర్ 12వ వరుసలో 40వ గడికి చేరుతుంది. ముందు వరుస, తర్వాత గడి. లెక్క సున్నా నుంచి కాదు, 1 నుంచి.

ఈ పద్ధతి 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100తో బాగా వ్యాపించింది. ఆ తెరకు 24 వరుసలు, వరుసకు 80 గడులు, అంటే 1,920 అక్షరాలు. ఫోన్ లైను మీద సెకనుకు 300 బిట్లే వస్తే, అక్షరానికి 10 బిట్ల చొప్పున 30 అక్షరాలు. తెరంతా మళ్లీ రాయడానికి 64 సెకన్లు! రెండంకెలే మార్చాలంటే ఆదేశానికి 8 బైట్లు, అంకెలకు 2. సెకనులో మూడో వంతు చాలు. మారిన గడులే పంపే కర్సెస్ లైబ్రరీ విలువ ఇక్కడే తెలుస్తుంది.

రంగుల లెక్క నాకు మరీ ఇష్టం. ఎరుపు 1, ఆకుపచ్చ 2, నీలం 4. వీటికి 30 కలిపి, చివర చిన్న ఎం పెడితే అక్షరాల రంగు మారుతుంది. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ. రెండూ కలిసిన 33 పసుపు, మూడూ కలిసిన 37 తెలుపు. వెనుక రంగుకు 40 కలపాలి. సున్నా నుంచి 7 దాకా లూపు తిప్పి ఎనిమిది రంగులూ చూపడం, నేర్చుకునేవాళ్లకు మంచి మొదటి ప్రోగ్రాం. పని కాగానే సున్నా, చిన్న ఎం పంపకపోతే తర్వాతి వరుసలూ అదే రంగులో వస్తాయి.

తెలుగు దగ్గర ఈ గడుల లెక్క తప్పుతుంది. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో 6 సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. పట్టిక గీసే సి ప్రోగ్రాంలో ప్రింట్‌ఎఫ్‌కు 10 వెడల్పు ఇచ్చామనుకోండి. అది లెక్కపెట్టేది బైట్లను. 18 ఉన్నాయి కాబట్టి గడి నిండిందనుకుని ఒక్క ఖాళీ కూడా కలపదు, పక్క నిలువు వరుస ఎడమకు జరిగిపోతుంది.