సారు రాలేదా అమ్మా?

బండి తోసుకుంటూ షెడ్డు ముందుకి వెళ్లానో లేదో, చేతుల నిండా గ్రీజుతో ఉన్న కుర్రాడు నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. నా వెనక ఎవరూ లేరు. "సారు రాలేదా అమ్మా?" అన్నాడు.

బండి నాది. ఆర్.సి. నా పేరు మీదే ఉంది. నడిపేదీ నేనే. దాని బాగోగులు చెప్పడానికి మాత్రం సారు రావాలిట! చీరల కొట్టుకి మావారు ఒక్కరే వెళితే "అమ్మగారు రాలేదా?" అని అడుగుతారు, అదీ నిజమే. కానీ చీర నప్పకపోతే ప్రాణం మీదకి రాదు కదండీ.

ఆ రోజు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. "ఏమైందమ్మా?" అంటే "బ్రేకు పడలేదు" అన్నాను. "సర్వీసు చేయించి ఎన్నాళ్లైంది?" అంటే నోట మాట రాలేదు.

రెండేళ్ల కిందటి డిసెంబరు సంగతి ఇది. కోతలైపోయిన రోజుల్లో పామర్రు నుంచి కూచిపూడి వైపు వెళ్లిన వాళ్లకి తెలుసు. రోడ్డు సగం మనది, సగం ఆరబోసిన ధాన్యానిది. అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని డాన్సు క్లాసుకి తీసుకెళుతున్నాను. డొంకలోంచి ఒక ట్రాక్టరు ఉన్నట్టుండి రోడ్డెక్కింది. బ్రేకు నొక్కాను. పిడి వచ్చి హ్యాండిలుకి ఆనుకుంది, బండి ఆగలేదు. ఏం చేశానో నాకే తెలియదు, ఇద్దరం వెళ్లి ధాన్యం రాశిలో పడ్డాం. కాపలా ఉన్న పెద్దావిడ పరిగెత్తుకొచ్చి పిల్లని లేవదీసింది. "రాశి మీద పడ్డారు కాబట్టి సరిపోయింది తల్లీ, ఇటు పడితే కాలవే" అంది. అమ్మాయికి మోచెయ్యి గీరుకుంది, అంతే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు.

షెడ్డులో వెనక చక్రం విప్పి చూపించాడు. బ్రేకు షూ మీద లైనింగు మొత్తం అరిగిపోయి లోహం మెరుస్తోంది.

మా ఇంట్లో కారు కూడా ఉంది. దాని సర్వీసు తేదీ మావారు క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకుంటారు. ఆదివారం దానికి షాంపూతో తలంటు, తుడవడానికి మెత్తటి గుడ్డ, పైన కవరు. నా బండికి దసరా నాడు పసుపు, కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ. మళ్లీ దసరాకే! "నువ్వు చెప్పలేదుగా" అన్నారు మావారు. "మీరు అడగలేదుగా" అన్నాను. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తీరా ఆలోచిస్తే తప్పు నాదే ఎక్కువ. పప్పు అడుగంటకముందే వాసన పట్టే ముక్కు నాది. బ్రేకు పిడి నెలనెలా ఇంకాస్త లోపలికి పోతుంటే వేళ్లకి తెలియలేదా? తెలిసింది. రేపు చూద్దాంలే అనుకున్నాను.

బండితో వచ్చిన పుస్తకం బీరువాలో గ్రైండరు వారంటీ కార్డు పక్కన దొరికింది. అమ్మాయి చదువుతుంటే నేను టార్చి పట్టుకుని చూశాను. వెనక చక్రం దగ్గర బ్రేకు కడ్డీకి చిన్న బాణం గుర్తు ఉందిట. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది ఎదురుగా ఉన్న గీత దాకా వచ్చిందంటే షూ పని అయిపోయినట్టే. చక్రం విప్పక్కర్లేదు, వంగి చూస్తే చాలు! ఇన్నేళ్లూ ఆ బాణం మీద బురద తప్ప నేనేం చూశాను?

ఈ కథ తెలిశాక మా వీధి ఆడవాళ్లంతా నన్ను మెకానిక్కుని చేసేశారు. గాలి ఎంత కొట్టించాలి అని ఒకావిడ. నా బండికైతే ముందు 22, వెనక ఒక్కరమే అయితే 29, ఇద్దరైతే 36. మీ బండిది మీ పుస్తకంలో చూసుకోండి. అంకె మనం చెప్పకపోతే గాలి కొట్టే అబ్బాయి రెంటికీ ఒకటే కొట్టి పంపిస్తాడు. సెల్ఫ్ మీట నొక్కిపట్టుకుని కూర్చోవచ్చా అని ఇంకొకావిడ. వద్దు పిన్నిగారూ, ఐదు సెకన్లు నొక్కి ఆగండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. "మరి మా కోడలి కొత్త బండికి ఒక బ్రేకు నొక్కితే రెండూ పడతాయిటగా?" అవును, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు కొత్త బళ్లకి ఆ ఏర్పాటైనా, ఏబీఎస్ అయినా ఉండాలని నిబంధన. అయినా షూ అరిగితే ఏ బండైనా ఒకటే.

అన్నిటికన్నా ఖరీదైన పాఠం మా చెల్లెలిది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు దాని స్కూటరు సీటు దాకా నీళ్లలో ఉంది. నీరు తియ్యగానే మరిదిగారు ఆత్రంగా సెల్ఫ్ కొట్టారు. కొట్టకూడదు! ఎయిర్ ఫిల్టరు గుండా ఇంజనులోకి నీళ్లు వెళ్లి ఉంటే లోపలి భాగాలు వంగిపోతాయి. బ్యాటరీ వైరు తీసేసి, తోసుకునో ఆటోలో ఎక్కించో షెడ్డుకి చేర్చాలి. ఆయిలు తీసి చూస్తే పాలు ఎక్కువైన టీలా ఉందిట. పైగా వాళ్లది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. ఎదుటివాడికి జరిగిన నష్టానికే అది పనికొస్తుంది, మన బండి మునిగితే పైసా రాదు. మీ కాగితం ఏ రకమో ఇవాళే తీసి చూడండి.

ఇంకో మాట. మా నాన్నగారి చేతక్ మీద అమ్మ జీవితమంతా ఒక పక్కకే కూర్చుంది. ఆ బండి స్టార్టవ్వాలంటే పక్కకి వంచాలి, ముందు అమ్మ దిగాలి. గేర్లు లేని, సెల్ఫ్ ఉన్న కైనెటిక్ హోండా 1984లోనే వచ్చినా మా ఇంటి దాకా రాలేదు. ఇప్పటికీ ఒక పక్కకి కూర్చునే వాళ్లు మన ఊళ్లలో ఎందరో. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వాళ్ల కోసమే. వెనక కూర్చున్న వాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం, బట్టలు చుట్టుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండి తీరాలి. అదే చీర గార్డు. మా మేనల్లుడు కొత్త బైకు తెచ్చిన వారానికే దాన్ని విప్పించేశాడు. లుక్కు పోతోందిట! "రేపు పెళ్లయ్యాక?" అంటే "ఆ అమ్మాయి చుడీదార్ వేసుకుంటుందత్తా" అన్నాడు. చున్నీ ఎక్కడికి పోతుందిరా అన్నాను. గార్డు మళ్లీ బిగించేదాకా మా ఇంట్లో వాడికి కాఫీ లేదు.

పోయినవారం ఆయిలు మార్పించడానికి వెళ్లాను. ఆ కుర్రాడు అలవాటు కొద్దీ మళ్లీ నా వెనక్కి చూశాడు. "బాణం గీత దగ్గరకొచ్చింది, షూ మార్చు" అన్నాను. వంగి చూశాడు. "ఇంకో రెణ్ణెల్లు లాగచ్చమ్మా" అన్నాడు. వద్దు, ఇప్పుడే మార్చమన్నాను. పాత షూ కాగితంలో చుట్టి ఇమ్మంటే నవ్వాడు గానీ ఇచ్చాడు. అది ఇప్పుడు మా హాల్లో, మావారి కారు తాళాల పక్కన ఉంది.