ఆవపువ్వు చుట్టూ వ్యాజ్యం

ధౌలాకువా సమీపాన ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం ఉన్నది. పోయిన చలికాలం అక్కడి జన్యుశాస్త్ర శాఖకు వెళ్ళినప్పుడు, పరిశోధన చేస్తున్న గుంటూరు జిల్లా పత్తిరైతు కుమార్తె ఒకామె ఆవపువ్వును సూదిమొనతో విప్పి చూపించింది.

"కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉంటాయండీ. చాలావరకు తన పుప్పొడితోనే తాను కాయకడుతుంది. సంకరం చేయాలంటే ముందు ఆ పుప్పొడిని ఆపాలి" అన్నది.

ఆ ఉపాయాన్నే ఈ ప్రాంగణంలో ఆచార్య దీపక్ పెంటల్ బృందం ఆవాలకు అమర్చింది. మట్టిలో బతికే బాక్టీరియా నుంచి తీసిన బార్నేజ్ జన్యువును 'వరుణ' రకంలో చేరిస్తే పుప్పొడి ఏర్పడదు. బార్‌స్టార్ జన్యువున్న మరో రకంతో దానిని కలిపితే, పుట్టిన సంకరంలో ఆ లోపం తీరుతుంది. అదే డి.ఎం.హెచ్-11. ఖర్చు ప్రజలది, కంపెనీది కాదు. పత్తి విత్తనాల రాయల్టీపై 2006లో మహికో-మోన్‌శాంటోతో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోరాడిన సంగతి ఎరిగిన మనకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే విమర్శకుల భయాలు కొట్టిపారేయదగినవి కావు. ఈ ఆవాలలో కలుపుమందును తట్టుకునే జన్యువు కూడా ఉన్నది. ఆ మందు వాడకం పెరిగితే కలుపుతీతతో పొట్టపోసుకునే కూలీ స్త్రీల గతి ఏమిటి? తేనెటీగల మాటేమిటి? వీటికి జవాబులు వెతకవలసిన పరీక్షల వివరాలను బయటపెట్టమని 2016లో కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ ఆచార్యులు ఆదేశించవలసి వచ్చింది. అప్పుడైనా సారాంశం ప్రకటించి, పూర్తి పత్రాలు ఢిల్లీకి వచ్చి మంత్రిత్వశాఖలో చూసుకొమ్మన్నారు. భరత్‌పూర్ ఆవాల రైతు రైలెక్కి రావాలన్నమాట! ప్రజల సొమ్ముతో చేసిన శాస్త్రానికి ఈ దాపరికం ఎందుకో నాకు బోధపడలేదు. కంపెనీకి వ్యాపార రహస్యమన్న సాకైనా ఉంటుంది.

2022 అక్టోబరులో కేంద్రం అనుమతించింది. 2024 జులై 23న సర్వోన్నత న్యాయస్థానంలో జస్టిస్ నాగరత్న ఆ అనుమతిని కొట్టివేశారు. జస్టిస్ సంజయ్ కరోల్ సమర్థించారు. జాతీయ విధానం రూపొందించాలన్న విషయంలో మాత్రం ఇద్దరూ ఏకీభవించారు.

"మీ నాన్నగారు ఏమంటారు?" అని అడిగాను.

"ఆ సారాంశం చదివి వినిపించబోయానండీ. సగం మాటలకు నాకు తెలుగు దొరకలేదు. 'సరేలే, పురుగు పడుతుందా పడదా, అది చెప్పు' అన్నారు."