దూరపు కంప్యూటరులోని లంకె - ఇంటి బ్రౌజరు

ఛత్రినాకలోని విద్యార్థి యొకడు ఇంటి కంప్యూటరునుండి, నగరమునకు పడమట గచ్చిబౌలిలోనున్న, 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు పెద్ద కంప్యూటరుతో సంబంధము కలుపుకొని పని చేయుచున్నాడనుకొందము. తెరపై బొమ్మలుండవు, అక్షరములే కనిపించును. వాటి నడుమ ఒక వెబ్ లంకె వచ్చినది. దానిని తెరువుమని అక్కడి ప్రోగ్రామును ఆజ్ఞాపించినచో, బ్రౌజరు లేదని జవాబు వచ్చును. ఇంటిలో బ్రౌజరుండగా ఇట్లేల జరుగును?

ప్రోగ్రాము నడుచుచున్నది అక్కడ. మనము చూచుచున్నది ఇక్కడ. రెంటి నడుమ ప్రయాణము చేయునవి అక్షరములే. 1995లో ఫిన్లండు దేశస్థుడు టాటు ఇలోనెన్ రూపొందించిన ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతి వీనిని గూఢలిపిలో పంపును. ప్రోగ్రాము తానున్న యంత్రములోనే బ్రౌజరును వెదకును; తెర లేని ఆ యంత్రములో సాధారణముగ అది ఉండదు.

అయితే అక్షరములను మనకు చూపు టెర్మినల్ ఇంటిలోనిదే గదా! "హెచ్.టి.టి.పి."తో మొదలగు వరుసను అది గుర్తించి, కంట్రోల్ మీట నొక్కి మౌస్‌తో తాకగనే ఇంటి బ్రౌజరునకు అందించును. పలు టెర్మినళ్లలో ఈ సదుపాయము కలదు. కాని పొడవైన లంకెను అక్కడి ప్రోగ్రాము రెండు పంక్తులుగ విరిచినచో, మొదటి తునకయే లంకెగ తోచును. అందుచే పూర్తి చిరునామాను కనబడని సంకేతములలో పొదిగి పంపు పద్ధతి వచ్చినది. ఇందు పైకి కనబడు మాట ఒకటి, లోని చిరునామా వేరొకటి కావచ్చును. తాకుటకు ముందు సరిచూచుకొనవలెను.

ఇంకొక చిక్కు కలదు. జూపిటర్ నోట్‌బుక్ అను ప్రోగ్రాము సాధారణముగ "లోకల్‌హోస్ట్, 8888వ పోర్టు" అను చిరునామా నిచ్చును. లోకల్‌హోస్ట్ అనగా "నేనున్న యంత్రము". దాని సంఖ్యారూపము 127.0.0.1. "మా ఇల్లు" అను మాటకు పలికినవానిని బట్టి అర్థము మారినట్లే ఇదియు మారును. ఇంటి బ్రౌజరు దానిని ఇంటి యంత్రములోనే వెదకి, కానక, తప్పు చూపును. ఇక్కడి 8888వ పోర్టును అక్కడి 8888వ పోర్టుతో ఎస్.ఎస్.హెచ్. సొరంగము ద్వారా కలిపినచో అదే లంకె పని చేయును. ఆ లంకె చివరనుండు పొడవైన అక్షరముల వరుస తాళపుచెవి వంటిది. అది చిక్కినవారు మన పేరిట ప్రోగ్రాములు నడపగలరు. దానిని ఎవరికిని పంపరాదు.

సొరంగమును ఎదురు దిశలోను వేయవచ్చును. అప్పుడు అక్కడి ప్రోగ్రాము చిరునామాను పంపగా, ఇక్కడ కాచుకొనియున్న చిన్న ప్రోగ్రాము బ్రౌజరును తెరచును. కాని పెద్ద కంప్యూటరును పలువురు వాడుదురు. ఆ ద్వారమును వారిలో ఎవరైనను తట్టవచ్చును. కనుక చిన్న ప్రోగ్రాము వెబ్ చిరునామాలను మాత్రమే స్వీకరింపవలెను. వచ్చిన అక్షరములను ఎన్నడును ఆజ్ఞగ నడపరాదు.

ఇట్టి చిక్కు ఎదురైనపుడు విద్యార్థి మొదట వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పని ఏ యంత్రములో జరుగుచున్నది?